ఊళ్ళో క్లినిక్‌లోనే మానసిక వైద్యం: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

జనరల్ ఓపీలో కూర్చునే ప్రతి డాక్టరుకూ ఈ పేషెంట్లు తెలుసు. ఒళ్ళంతా నొప్పులు, తల బరువు, గుండె దడ, గ్యాస్, నీరసం, అర్ధరాత్రి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టకపోవడం. ఈసీజీ బాగానే ఉంటుంది, థైరాయిడ్ బాగానే ఉంటుంది, స్కానింగ్‌లో ఏమీ కనిపించదు. "నరాల వీక్‌నెస్ అయ్యుంటుంది డాక్టరుగారూ, ఒక సెలైన్ పెట్టండి" అని వాళ్ళే అడుగుతారు. ఒక బి-కాంప్లెక్స్, ఒక గ్యాస్ మాత్ర, నిద్రకి అల్ప్రాజోలం రాసి పంపిస్తే నెల తిరక్కుండా మళ్ళీ వస్తారు, లేదంటే ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తారు. వీళ్ళలో చాలామందికి ఉన్నది డిప్రెషన్ లేదా ఆందోళన జబ్బు. వైద్యం చేస్తే తగ్గే జబ్బులవి.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే చేసింది. పెద్దవాళ్ళలో 10.6 శాతం మంది ఆ సమయానికి ఏదో ఒక మానసిక జబ్బుతో ఉన్నారని తేలింది. డిప్రెషన్, ఆందోళన లాంటి సాధారణ జబ్బుల్లో దాదాపు 85 శాతం మందికి వైద్యమే అందడం లేదు. తెలుగు రాష్ట్రాలు రెండూ ఆ 12లో లేవు గానీ, మన ఓపీలు చూస్తే ఇక్కడి పరిస్థితి వేరుగా ఉందని అనిపించదు. దేశం మొత్తం మీద లక్ష జనాభాకి ఒక్క సైకియాట్రిస్టు కూడా లేడు, ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. అందుకే బీపీ, షుగరు చూసేచోటే మనసు జబ్బులూ చూడాలి. ప్రభుత్వం ఈ మాట 1982లోనే, జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టినప్పుడే చెప్పింది. కర్ణాటకలోని బళ్ళారి జిల్లాలో చేసి చూసిన నమూనాతో 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. ఇన్నేళ్ళ తర్వాత "చేయాలా వద్దా" అన్న చర్చ అనవసరం. ఎలా చేయాలన్నదే ఇక మిగిలింది.

చిన్న ఊళ్ళలో క్లినిక్ నడిపే డాక్టర్లు, నర్సింగ్ హోమ్ చూసుకునేవాళ్ళు, పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్లు ఏ పద్ధతి ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ఇది రాస్తున్నాను.

ముందు అడగాల్సింది

ఈ పని మొదలుపెట్టాలనుకున్న ప్రతివాళ్ళూ మొట్టమొదట "సైకియాట్రిస్టు ఎవరైనా దొరుకుతారా?" అని అడుగుతారు. నా దృష్టిలో అది రెండో ప్రశ్న. మందు మొదలుపెట్టిన పేషెంటు నాలుగో వారానికి రాకపోతే ఫోన్ చేసి కనుక్కునేది ఎవరు? ముందు దీనికి జవాబు దొరకాలి.

డిప్రెషన్ మందుల తీరే అలాంటిది. ఫ్లువోక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి పనిచేయడం కనిపించాలంటే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈలోపు మొదటి వారంలోనే వికారం, కడుపులో తిప్పడం, కాస్త కంగారు వస్తాయి. అంటే మంచి కన్నా ముందు ఇబ్బంది కనిపిస్తుంది. "ఈ మందు నాకు పడలేదు" అని పేషెంటు మానేస్తాడు. ఓర్చుకుని వాడినవాళ్ళలో కూడా చాలామంది రెండో నెలకి నిద్ర, ఆకలి బాగుపడగానే తగ్గిపోయిందని ఆపేస్తారు. నిజానికి తగ్గాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. "జీవితాంతం వాడాలట, అలవాటైపోతుందట" అని పక్కింటివాళ్ళు చెప్పే మాట ఒకటి. ఈ మూడు చోట్లా పేషెంటుని పట్టి నిలిపే మనిషి ఉంటే ఏ పద్ధతి అయినా ఎంతో కొంత పనిచేస్తుంది. ఆ మనిషి లేకపోతే ఎంత పెద్ద సైకియాట్రిస్టు వచ్చినా మొదటి చీటీతోనే ఆగిపోతుంది.

నగరంలోని సైకియాట్రిస్టుకి చీటీ రాసి పంపడం

ఇప్పుడు ఎక్కువ క్లినిక్‌లలో జరుగుతున్నది ఇదే. ఖర్చు లేదు, బాధ్యత లేదు. కానీ పంపినవాళ్ళలో ఎంతమంది నిజంగా వెళ్ళారో ఎవరూ చూడరు. బస్సు ఖర్చు, ఒక రోజు కూలి, అన్నిటికన్నా ఎక్కువగా "పిచ్చాసుపత్రికి పంపించారు" అన్న మాట. హైదరాబాద్ ఎర్రగడ్డ పేరు చెప్పినా, విశాఖ చినవాల్తేరు పేరు చెప్పినా ఆ మాట వెంటే వస్తుంది. తీవ్రమైన కేసులకి ఈ దారి తప్పదు. మిగతావాళ్ళకి దీన్ని ఒక పద్ధతిగా లెక్కపెట్టనక్కర్లేదు.

వారానికోసారి సైకియాట్రిస్టు రావడం

నర్సింగ్ హోమ్‌లకి ఇది బాగా నచ్చుతుంది. ఎముకల డాక్టరు, చర్మ డాక్టరు వచ్చినట్టే ఆదివారం సైకియాట్రిస్టు వస్తారని బోర్డు పెట్టవచ్చు. తీవ్రమైన జబ్బున్నవాళ్ళకి ఊరు దాటకుండా చూపించుకునే వీలు దొరకడం నిజంగా మేలే. స్కిజోఫ్రెనియా (లేని మాటలు వినపడటం, లేనిపోని అనుమానాలు), బైపోలార్ (కొన్నాళ్ళు విపరీతమైన హుషారు, కొన్నాళ్ళు డిప్రెషన్) ఉన్న మనిషిని ప్రతి నెలా నగరానికి తీసుకెళ్ళే కుటుంబానికి ఆ ప్రయాణం తప్పితే ఎంత ఊరటో చూసినవాళ్ళకి తెలుసు.

అయితే "నరాల వీక్‌నెస్" పేషెంటు ఆ బోర్డు కింద కూర్చోడు. ఊళ్ళో అందరూ అందరికీ తెలుసు. సైకియాట్రిస్టు వచ్చే రోజున ఆ వరండాలో కనబడటం ఇష్టం ఉండదు. రోజూ చూసే డాక్టరు తనంతట తాను లేచి, పక్క గదిలోకి తీసుకెళ్ళి "వీరు నాతో కలిసి పనిచేస్తారు, ఒక పది నిమిషాలు మాట్లాడండి" అని అప్పగిస్తే మాత్రం కూర్చుంటాడు. ఈ పద్ధతి ఎంచుకునేవాళ్ళు ఒక షరతు పెట్టుకోవాలి. సైకియాట్రిస్టు వచ్చిన రోజున కనీసం అరగంట జనరల్ డాక్టరుతో కూర్చుని కేసులు మాట్లాడాలి. లేకపోతే ఒకే కప్పు కింద రెండు విడి క్లినిక్‌లు నడుస్తున్నట్టే, వైద్యం కలిసినట్టు కాదు.

డాక్టరే నేర్చుకుని చూడటం

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో ఎంహెచ్‌గ్యాప్ అనే మార్గదర్శిని తెచ్చింది. సైకియాట్రీ చదవని డాక్టర్లు ఏ లక్షణానికి ఏం అడగాలి, ఏం ఇవ్వాలి, ఎప్పుడు పంపాలి అన్నది మెట్లు మెట్లుగా చెప్తుంది. నిమ్‌హాన్స్ కూడా ప్రాథమిక వైద్యులకి ఆన్‌లైన్‌లో శిక్షణ ఇస్తుంది. మామూలు డిప్రెషన్, పానిక్, ఆందోళన, నిద్రలేమి, మద్యం అలవాటు ముదరకముందు దశ, ఇవన్నీ ఎంబీబీఎస్ డాక్టరు చూడగలిగినవే. బైపోలార్, మతి భ్రమలు, చిన్నపిల్లల సమస్యలు, కాన్పు తర్వాత తీవ్రంగా వచ్చే జబ్బు, చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నవాళ్ళు మాత్రం స్పెషలిస్టు దగ్గరికే వెళ్ళాలి.

డిప్రెషన్ మందు రాసేముందు ఒక ప్రశ్న తప్పకుండా అడగాలి. "ఎప్పుడైనా నాలుగైదు రోజులపాటు నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుగా ఉండి, ఆపకుండా మాట్లాడుతూ, డబ్బు ఇష్టమొచ్చినట్టు ఖర్చు పెట్టారా?" అవును అంటే అది బైపోలార్ కావచ్చు, డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఆ ఉధృతి తిరగబెట్టవచ్చు. పక్కనున్న ఇంటివాళ్ళని కూడా అడగాలి, వాళ్ళకే బాగా గుర్తుంటుంది. రక్తహీనత, థైరాయిడ్, బి12 లోపం చూసుకోవడం సరేసరి.

ఈ పద్ధతిలో ఇబ్బందల్లా సమయం. రోజుకి డెబ్బై మంది వచ్చే ఓపీలో మనిషికి మూడు నిమిషాలు దొరికితే గొప్ప. కన్నీళ్ళు పెట్టుకున్న మనిషిని మూడు నిమిషాల్లో లేపి పంపలేం. చాలామంది డాక్టర్లు అడగకపోవడానికి అసలు కారణం ఇదే. ఒకసారి అడిగితే ఏం బయటపడుతుందో, దాన్ని పట్టుకోవడానికి టైమెక్కడిది అన్న భయం. ఆ భయం న్యాయమైనదే. అందుకే ఒంటరిగా చేసే శిక్షణలు కొన్ని నెలలకే చల్లారిపోతాయి.

నర్సుకో కౌన్సెలర్‌కో అప్పగించడం

మన దేశంలోనే దీనికి గట్టి ఆధారం ఉంది. గోవాలో సంగత్ సంస్థ చేసిన మానస్ అధ్యయనం 2010లో వచ్చింది. మానసిక వైద్యంలో ముందు అనుభవం లేని స్థానికులకి శిక్షణ ఇచ్చి కౌన్సెలర్లుగా పెట్టారు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఆరు నెలలకి కౌన్సెలర్ ఉన్నచోట 65.9 శాతం మంది కోలుకుంటే, లేనిచోట 42.5 శాతం మందే కోలుకున్నారు. ప్రైవేటు డాక్టర్ల క్లినిక్‌లలో మాత్రం ఆ తేడా కనిపించలేదు. అక్కడ ఒకే డాక్టరు ఏళ్ళ తరబడి అదే కుటుంబాన్ని చూస్తూ, మాట్లాడుతూ ఉండటం వల్ల మామూలు వైద్యమే మెరుగ్గా ఉండి ఉండవచ్చని ఒక వివరణ. ప్రైవేటు క్లినిక్ నడిపేవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. డాక్టరుకి పేషెంటుతో ముందే ఉన్న చనువుకి బదులుగా కౌన్సెలర్‌ని పెడితే లాభం తక్కువ. ఆ చనువుకి తోడుగా పెట్టాలి.

గోవాలోనే తర్వాత చేసిన ఇంకో అధ్యయనంలో ఆరు నుంచి ఎనిమిది సార్లు మాత్రమే కూర్చునే చిన్న కౌన్సెలింగ్ పద్ధతి డిప్రెషన్ మీద బాగా పనిచేసింది. అందులో పెద్ద మంత్రమేమీ లేదు. జబ్బు వచ్చాక మనిషి మానేసిన పనులని ఒక్కొక్కటే మళ్ళీ మొదలుపెట్టించడం. పొద్దున చెరువు గట్టు దాకా నడక, చెల్లెలికి వారానికో ఫోన్, ఆపేసిన కుట్టుమిషన్ మళ్ళీ తీయడం. ఓపికగా వినగలిగిన నర్సు ఈ పని నేర్చుకోగలదు. డిగ్రీ కన్నా మనిషి స్వభావం చూసి ఎంచుకోండి. విన్నది బయట చెప్పని మనిషి కావాలి, ఊళ్ళో అది చిన్న అర్హత కాదు.

అందరూ ఒకే జాబితా మీద పనిచేయడం

నేను ఎక్కువగా సిఫార్సు చేసేది దీన్నే కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. అమెరికాలో ఇంపాక్ట్ అనే అధ్యయనంతో ఈ పద్ధతికి పేరొచ్చింది. 2002లో ఫలితాలు వచ్చాయి. 18 క్లినిక్‌లలో 60 ఏళ్ళు దాటిన 1,801 మంది డిప్రెషన్ పేషెంట్లని చూశారు. ఏడాదికి, ఈ పద్ధతిలో ఉన్నవాళ్ళలో 45 శాతం మందికి లక్షణాలు సగానికో అంతకన్నా ఎక్కువో తగ్గాయి. మామూలుగా చూసినవాళ్ళలో అది 19 శాతమే.

పనిచేసే తీరు ఇలా ఉంటుంది. మందు రాసేది రోజూ చూసే డాక్టరే. పేషెంటుని వెంటబడి చూసుకునేది కేర్ మేనేజర్ అనే ఒక మనిషి, మన దగ్గరైతే శిక్షణ పొందిన నర్సు. ఆమె దగ్గర ఒక రిజిస్టరు ఉంటుంది. ఎవరు ఎప్పుడు మొదలుపెట్టారు, స్కోరు ఎంత, ఎవరు రాలేదు అన్నీ అందులో ఉంటాయి. సైకియాట్రిస్టు పేషెంటుని చూడనక్కర్లేదు. వారానికో గంట ఫోన్‌లోనో వీడియోలోనో నర్సుతో ఆ రిజిస్టరు తిరగేస్తాడు. బాగుపడుతున్నవాళ్ళని వదిలేసి, బాగుపడనివాళ్ళ గురించే మాట్లాడతారు. "ఈమెకి ఆరు వారాలైనా స్కోరు దిగలేదు, డోసు పెంచండి", "ఇతన్ని నా దగ్గరికి పంపండి" అని ఆయన చెప్తే డాక్టరు అమలు చేస్తాడు. ఆ ఒక్క గంటలో సైకియాట్రిస్టు తెలివి ముప్పై మందికి అందుతుంది. ఎదురుగా కూర్చోబెట్టుకుని చూస్తే ఆ గంటలో ముగ్గురో నలుగురో.

స్కోరు అంటే పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనూ ఉంది. 0 నుంచి 27 దాకా లెక్క. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టరు శ్రద్ధగా చూడాలి, 20 నుంచి తీవ్రమైనది, 5 కన్నా దిగితే దాదాపు కోలుకున్నట్టు. షుగరు పేషెంటుకి ప్రతిసారీ రక్తం చూసినట్టే ఇదీ ప్రతిసారీ చూస్తే, "ఎలా ఉంది?" "పర్లేదు సార్" అన్న మాటల వెనక ఏముందో తెలుస్తుంది. ఆందోళనకి ఇలాంటిదే ఏడు ప్రశ్నల గ్యాడ్-7 ఉంది.

ఇది అమెరికా సంగతి, మనకి కుదురుతుందా అని అడిగేవాళ్ళకి విశాఖపట్నం జవాబు చెప్తుంది. ఇండిపెండెంట్ అనే అధ్యయనం చెన్నై, బెంగళూరు, ఢిల్లీతో పాటు విశాఖలోని ఒక డయాబెటిస్ కేంద్రంలోనూ జరిగి, 2020లో ఫలితాలు వచ్చాయి. షుగరు, డిప్రెషన్ రెండూ ఉన్న 404 మందిని తీసుకున్నారు. కేర్ కోఆర్డినేటర్లు వెంట ఉండి చూసుకున్నారు, స్పెషలిస్టులు కేసుల జాబితా తిరగేశారు. రెండేళ్ళకి డిప్రెషన్ సగానికి తగ్గి, దాంతో పాటు షుగరు, బీపీ, కొలెస్ట్రాల్‌లలో కనీసం ఒకటి మెరుగైనవాళ్ళు ఈ పద్ధతిలో 71.6 శాతం, మామూలు వైద్యంలో 57.4 శాతం. మనసు బాగుంటే మందులు సరిగ్గా వేసుకుంటారు, నడుస్తారు, తిండి చూసుకుంటారు. షుగరు క్లినిక్‌లు నడిపేవాళ్ళు ఇంకే పద్ధతీ వెతకనక్కర్లేదు. మీ దగ్గర నర్సు ఉంది, రిజిస్టరు ఉంది, మూడు నెలలకోసారి వచ్చే పేషెంట్లున్నారు. జాబితాలో ఒక వరుస పెంచుకుంటే చాలు.

కష్టం ఎక్కడంటే, ఆ నర్సు జీతం, ఆ గంటకి సైకియాట్రిస్టు ఫీజు ఎవరివ్వాలన్నది. అమెరికాలో పెద్దవయసువాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే బీమా, మెడికేర్, 2017 నుంచి దీనికి విడిగా డబ్బు చెల్లిస్తోంది. మన దగ్గర అలాంటిది లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని చెప్పింది గానీ, మన బీమా ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఓపీకి కాదు. కాబట్టి క్లినిక్ తన కన్సల్టేషన్ ఫీజులోంచే సర్దుకోవాలి. ఉన్న నర్సుకే రోజుకి రెండు గంటలు ఈ పనికి కేటాయిస్తే ముప్పై మందిదాకా చూసుకోగలదని నా అంచనా. ఆ రెండు గంటలు ఇంజెక్షన్లకి పిలవకుండా ఉండటమే యజమాని చేయాల్సిన త్యాగం.

ఫోన్‌లో సాయం

మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, నంబరు 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. మందుల చీటీ మీద ఈ నంబరు రబ్బరు స్టాంపు వేయించండి, దానికి ఏ పద్ధతీ ఎంచుకోనక్కర్లేదు. పేషెంటుని వీడియోలో సైకియాట్రిస్టుకి చూపించడం కూడా 2020 టెలీమెడిసిన్ మార్గదర్శకాల తర్వాత తేలికైంది, కొన్ని రకాల నిద్రమాత్రలు అలా రాయడంపై ఆంక్షలున్నాయి. క్లినిక్ గదిలోనే నర్సు పక్కనుండగా చూపిస్తే మంచిది, ఇంట్లో ఒకే గదిలో అత్తామామల ముందు ఫోన్‌లో ఎవరూ నోరు విప్పలేరు.

ఎవరికి ఏది

ఒక్క డాక్టరు, ఒక కాంపౌండరు ఉన్న క్లినిక్ అయితే మీరే నేర్చుకోండి. అయితే అందరినీ ఒకేసారి చూడబోకండి. మధ్యాహ్నం ఓపీ పల్చబడ్డాక వారంలో రెండు రోజులు ఇలాంటివాళ్ళకి టైమివ్వండి. ఫోన్లు చేయడానికి ఒక మనిషిని పెట్టండి. తెలిసిన సైకియాట్రిస్టుతో వారానికో గంట మాట్లాడుకోండి. పేషెంట్లు పదిమందే అయినా సరే.

మూడు నాలుగు స్పెషాలిటీలున్న నర్సింగ్ హోమ్ అయితే వచ్చి వెళ్ళే సైకియాట్రిస్టు, రిజిస్టరు పట్టుకున్న నర్సు, రెండూ కలిపి పెట్టుకోండి. రెంటిలో ఒకదానికే డబ్బుంటే నర్సుని ఎంచుకోండి. పేషెంట్లని చేర్చుకుని మానసిక వైద్యం చేయాలనుకుంటే పైన చెప్పిన చట్టం కింద రిజిస్ట్రేషన్ సంగతి ముందే చూసుకోవాలి. ఓపీ మాత్రమే అయితే ఆ టెన్షన్ లేదు.

పీహెచ్‌సీలో పరిస్థితి వేరు. అక్కడ ఇంటింటికీ వెళ్ళే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు ముందే ఉన్నారు, ఏ ప్రైవేటు క్లినిక్‌కీ లేని బలం అది. పశ్చిమ గోదావరి జిల్లాలో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టులో ఆశా కార్యకర్తలే ట్యాబ్‌లో ప్రశ్నలు అడిగి, అవసరమైనవాళ్ళని పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరుకి ట్యాబే ఎంహెచ్‌గ్యాప్ ప్రకారం సలహా చూపించింది. తర్వాత ఆ పేషెంట్లు వస్తున్నారా, మందు వాడుతున్నారా అని మళ్ళీ ఆశాలే చూసుకున్నారు. కాబట్టి మెడికల్ ఆఫీసర్లకి నేను చెప్పేది, కొత్త పోస్టు మంజూరు కోసం ఎదురుచూడకండి. జిల్లా మానసిక ఆరోగ్య బృందంతో నెలకోసారి కేసులు మాట్లాడే ఏర్పాటు అడగండి, ఫార్మసీలో ఫ్లువోక్సెటిన్ లాంటి మందు నిల్వ ఉండేలా ఇండెంట్ పెట్టండి. మందు అయిపోయిందని రెండుసార్లు తిప్పి పంపితే మూడోసారి ఎవరూ రారు. ఆశాల మీద ఇప్పటికే ఉన్న పని బరువు కూడా మర్చిపోకూడదు, ఇది అదనపు రిజిస్టరు కాకుండా ఉన్న ఎన్‌సీడీ (బీపీ, షుగరు లాంటి దీర్ఘకాలిక జబ్బుల) పనిలోనే కలిసిపోవాలి.

పురుగుల మందు తాగి వచ్చినవాళ్ళ సంగతి

ఏ పద్ధతి ఎంచుకున్నా, మన జిల్లాల్లో ఒక పేషెంటు కోసం ముందే ఏర్పాటు ఉండాలి. పురుగుల మందు తాగితే తెచ్చి కడుపు కడిగించి, విరుగుడుగా అట్రోపిన్ పెట్టి బతికించిన మనిషి. నాలుగో రోజు డిశ్చార్జ్ చీటీలో మల్టీవిటమిన్ రాసి ఇంటికి పంపేస్తే ప్రాణం కాపాడిన పని సగంలో వదిలేసినట్టే. అలాంటి ప్రయత్నం మళ్ళీ చేసే ప్రమాదం తర్వాతి వారాల్లోనే ఎక్కువ. డిశ్చార్జ్‌కి ముందే ఒకరు కూర్చుని మాట్లాడాలి, ఇంట్లో మందు డబ్బాలు ఎక్కడున్నాయో అడిగి తాళం వేయించాలి, వారంలోపు ఫోన్ చేయాలి. 2017 చట్టం ప్రకారం ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. కేసవుతుందన్న భయంతో కుటుంబాలు అబద్ధం చెప్తుంటాయి, కాబట్టి ఈ మాట వాళ్ళకి ముందే చెప్పండి.

పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచన గురించే. ఫారం ముద్రించకముందే, ఆ ప్రశ్నకి "అవును" వస్తే ఆ రోజే ఎవరు మాట్లాడాలి, ఏ సైకియాట్రిస్టుకి ఫోన్ చేయాలి, ఒంటరిగా ఇంటికి పంపకుండా ఎవరిని పిలవాలి అన్నది కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి. అది తేలకపోతే ఫారం మొదలుపెట్టకండి.

మొదలుపెట్టిన మూడు నెలలకి రిజిస్టరు తీసి ఒక్క లెక్క చూడండి. మొదటి నెలలో పేరు రాసుకున్నవాళ్ళలో ఎంతమంది ఇంకా వస్తున్నారు, వాళ్ళలో స్కోరు సగానికి దిగింది ఎంతమందికి? సగం కన్నా తక్కువమంది వస్తుంటే మందులు మార్చడం, సైకియాట్రిస్టుని మార్చడం తర్వాత చూసుకోవచ్చు. ముందు ఫోన్లు నిజంగా వెళ్తున్నాయో లేదో కనుక్కోండి.